ఇంప్లాంట్ల సూక్ష్మ కుట్టుపనిని మిషన్‌కి అప్పగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో ఆదివారం పూట జరిగే మా చిన్న క్లాసుకి రకరకాల వాళ్లు వస్తారు. బ్లౌజులు, మగ్గం వర్క్ చేసే అక్కచెల్లెళ్లు ఉంటారు, ఇంజనీరింగ్ చివరి ఏడాది పిల్లలు ఉంటారు, యూనిట్ పెడదామని లెక్కలు వేసుకుంటున్నవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. నేను పదకొండేళ్లు ఇంప్లాంట్లు, అంటే ఒంట్లో అమర్చే వైద్య పరికరాలు, కుట్టే బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ తర్వాత ఆరేళ్లు అదే కుట్టుని మిషన్‌తో వేయించే విభాగంలో పనిచేశాను. వారం వారం అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి అడిగినవాళ్ల మాటల్లోనే ఇక్కడ రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## ముందుగా: ఇదేం పని?

ఇంప్లాంటుకి కుట్టు ఏటి మేడమ్? ఆపరేషన్‌లో డాక్టరు వేసే కుట్టేనా?

కాదమ్మా. డాక్టరు చేతికి రాకముందే, ఫ్యాక్టరీలో ఆ వస్తువు తయారవడానికి పడే కుట్టు ఇది. గుండెలో పెట్టే టిష్యూ వాల్వుని తీసుకోండి. లోహపు ఫ్రేమ్ ఉంటుంది, లోపల పశువు గుండె పైపొరతో చేసిన మూడు రేకులు ఉంటాయి, చుట్టూ పాలిస్టర్ గుడ్డ ఉంటుంది. ఈ మూడింటినీ కలిపి ఉంచేది దారమే. కాలి రక్తనాళం గుండా పంపే రకం వాల్వుల్లో కుట్లు కొన్ని వందల నుంచి వెయ్యి పైదాకా పడతాయి. పొట్టలో ఉబ్బిన పెద్ద ధమనికి లోపలి నుంచి వేసే స్టెంట్ గ్రాఫ్ట్ కూడా ఇలాంటిదే. అది గుడ్డ గొట్టం, దానికి నిటినాల్ (నికెల్, టైటానియం కలిపిన లోహం) తీగ ఉంగరాలు కుట్టి ఉంటాయి. మన దేశంలో పుట్టిన చిత్ర వాల్వు లోహంతోనూ ప్లాస్టిక్ బిళ్లతోనూ చేసినదే అయినా, దాని అంచుకి పాలిస్టర్ గుడ్డ ఉంగరం ఉంటుంది. సర్జన్ గుండెకి బిగించేది ఆ ఉంగరాన్నే. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో 1990 డిసెంబరు 6న దాన్ని తొలిసారి ఒక మనిషికి అమర్చారు.

ఇన్నాళ్లూ చేత్తోనే ఎందుకు కుడుతున్నారు? బట్టల ఫ్యాక్టరీలో అన్నీ మిషన్లే కదా?

అందరికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. మీ ఇంట్లో కుట్టు మిషన్ ఎలా కుడుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సూది గుడ్డలోకి దిగి దారాన్ని చిన్న ఉచ్చులా వదులుతుంది. కింద బాబిన్ దారం ఆ ఉచ్చులోంచి దూరి బిగుసుకుంటుంది. పై దారం పూర్తిగా గుడ్డ అవతలికి ఎప్పుడూ వెళ్లదు. అందుకే ఫ్యాక్టరీ మిషన్లలో నిమిషానికి వేల కుట్లు పడుతున్నాయి.

చేతి కుట్టులో సూదీ దాని వెనక దారం మొత్తమూ ప్రతిసారీ అవతలికి వెళ్లి మళ్లీ ఇవతలికి రావాలి. మీరు 60 సెంటీమీటర్ల దారంతో మొదలుపెట్టారనుకోండి. మొదటి కుట్టుకి దాదాపు 60 సెంటీమీటర్లూ లాగాలి, పదో కుట్టుకి కొంచెం తక్కువ, ఎనభయ్యో కుట్టుకి నాలుగు వేళ్లంత. మిషన్ ఈ తగ్గిపోయే దారాన్ని ప్రతి కుట్టుకీ కొత్తగా సముదాయించుకోవాలి, చిక్కు పడనివ్వకూడదు, మెలిక తిరగనివ్వకూడదు. ఇంకో సంగతి, సూది దగ్గరున్న దారం ముక్క ఎనభై రంధ్రాల్లోంచీ రాసుకుంటూ వస్తుంది. అది నూగు లేస్తుందేమోనని చెయ్యి పసిగట్టినట్టు మోటారు పసిగట్టదు.

ఇక వాల్వు వ్యాసం 20 నుంచి 30 మిల్లీమీటర్లు. లోపల బాబిన్ పెట్టడానికి చోటే ఉండదు. ఫ్రేమ్ పుల్ల చుట్టూ దారం చుట్టి రావాలి, ఒక్కో చోట విడిగా ముడి పడాలి, పనంతా తడిగా ఉన్న, ఒక్కో చోట ఒక్కో మందం ఉన్న పొర మీద జరగాలి. చేత్తోనే కుట్టడానికి కారణం ఎవరి బద్ధకమూ కాదు, కుట్టు నిర్మాణమే అలాంటిది.

ఇంట్లో మిషన్ లాంటిదాంతో ఇంప్లాంటు ఎవరూ ఎప్పుడూ కుట్టలేదా?

కుట్టారు. 1950ల్లో అమెరికాలో హ్యూస్టన్ సర్జన్ మైఖేల్ డిబేకీ దుకాణంలో డేక్రాన్ (ఒక రకం పాలిస్టర్) గుడ్డ కొని, ఇంట్లో భార్య కుట్టు మిషన్ మీద గొట్టాలుగా కుట్టి రక్తనాళాల బదులు వాడాడు. నైలాన్ కోసం వెళ్తే అది అయిపోయిందని డేక్రాన్ ఇచ్చారట, అదే మంచిదైంది. ఆ గొట్టం మిషన్‌కి ఎందుకు లొంగిందో చూడండి. గుడ్డని మడత పెట్టి, బల్ల మీద చదునుగా ఉంచి, ఒక గీత కుడితే గొట్టమైపోయింది. చదునుగా పరచగలిగిన ప్రతి కుట్టూ ఈనాటికీ మిషన్‌కి లొంగుతుంది. ఆటోమేషన్ మొదలుపెట్టేవాళ్లు ముందుగా వెతకాల్సింది అలాంటి కుట్లనే.

మన పొందూరు ఖద్దరు అంత సన్నం కదా, ఆ గుడ్డ పనికిరాదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ల మనసు నాకు అర్థమవుతుంది. వాలుగ చేప దవడతో దూది ఏకి, నూరో నంబరు దాకా నూలు వడికే చేతులు మన శ్రీకాకుళం జిల్లావి. కానీ పత్తిని ఒంట్లో శాశ్వతంగా ఉంచలేం. పొరపాటున ఆపరేషన్‌లో మిగిలిపోయిన దూది గుడ్డ చుట్టూ శరీరం గడ్డ కట్టేస్తుందని సర్జన్లందరికీ తెలుసు. పైగా పత్తి మామూలు గాలిలోనే తన బరువులో 8 శాతం పైగా తేమ పీలుస్తుంది. పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు, కాబట్టి దాని కొలత నిలకడగా ఉంటుంది. పొందూరు నుంచి మనం తీసుకోవాల్సింది పోగు తెగబోతోందని తెగకముందే తెలుసుకునే ఆ వేలి నేర్పుని.

## చేతి కుట్టు నేర్చుకునే దశ

నాకు మగ్గం వర్క్ వచ్చు. అది పనికొస్తాదా?

మీ చెయ్యి పనికొస్తుంది, మీ కుట్టు పనికిరాదు. మగ్గం వర్క్‌లో కొక్కెం సూదితో వేసేది గొలుసు కుట్టు. బియ్యం బస్తా మూతికి వేసేదీ అదే జాతి. సరైన కొస పట్టుకుని లాగితే మూతి మొత్తం సర్రున ఊడి వచ్చేస్తుంది కదా. గుండెలో ఒక చోట దారం తెగితే అక్కడితోనే నష్టం ఆగాలి, పక్క కుట్టు కదలకూడదు. అందుకే ఒక్కో కుట్టునో కొద్ది కుట్లకొకసారో ముడితో బంధించే పద్ధతులు వాడతాం.

అయితే బిగించిన బట్ట మీద సూది ఎక్కడ దిగుతుందో కింద కనపడకుండానే తెలుసుకోవడం మీకు ఇప్పటికే వచ్చు. కొత్తవాళ్లకి నేర్పడం చాలా కష్టమైంది అదే. రక్తనాళాలను కలిపి కుట్టే పద్ధతికి 1912లో నోబెల్ అందుకున్న అలెక్సిస్ కారెల్, ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఎంబ్రాయిడరీ చేసే ఒక మహిళ దగ్గర సూది పట్టడం నేర్చుకున్నాడు. ఎవరైనా మీ పనిని ‘వట్టి కుట్లు’ అంటే ఈ సంగతి చెప్పండి.

నలభై దాటీసాయి, చత్వారం వచ్చీసింది. నేను చెయ్యగలనా?

చెయ్యగలరు. మైక్రోస్కోప్‌లోంచి చూస్తూ కుడతాం, దాని కళ్లద్దాల దగ్గర ఒక్కో కంటికీ విడిగా సరిచేసుకునే మర ఉంటుంది, మామూలు చత్వారం దాంతో సర్దుకుంటుంది. రెండు కళ్లూ కలిసి లోతు చూడగలగడం ముఖ్యం, ఆ పరీక్ష పెడతారు. మెడ, భుజాల సంగతే నాకు ఎక్కువ బెంగ. ముంజేతులు రెండూ బల్ల మీద ఆనకపోతే రెండో నెలకే నొప్పి మొదలవుతుంది. కుర్చీ ఎత్తు సరిచేయమని అడగడానికి మొహమాటపడకండి.

గాజులు, బొట్టు, పూలు తీసెయ్యాలంటున్నారు. నిజమేనా?

నిజమే. ఈ కుట్టు వేసేది గాలిని వడకట్టి ధూళి తగ్గించిన క్లీన్ రూమ్‌లో. క్లాస్ 7 క్లీన్ రూమ్‌లో ఒక ఘనమీటరు గాలిలో అర మైక్రాన్, అంతకు మించిన కణాలు 3,52,000 దాటకూడదు. మామూలు గది గాలిలో అంతకన్నా ఎన్నో రెట్లు ఉంటాయి. ఆ గదిలో ధూళికి పెద్ద మూలం మనిషే. పౌడరు, కుంకుమ, కాళ్ల పసుపు, పూల పుప్పొడి, గోళ్ల రంగు పెచ్చులు, అన్నీ రాలేవే. గాజు గ్లవ్‌ని చింపుతుంది. మంగళసూత్రం విషయంలో ఒక్కో చోట ఒక్కో పద్ధతి. గౌను లోపల టేపు వేసి కప్పుకోనిచ్చే చోట్లు చూశాను. చేరే ముందే అడిగి తెలుసుకోండి, ఆ రోజు గేటు దగ్గర కన్నీళ్లు పెట్టుకోవలసిన పని ఉండదు.

ఆవుదో పందిదో పొర ముట్టుకోవాలట కదా. మా ఇంట్లో ఒప్పుకోరు.

టిష్యూ వాల్వు విభాగంలో అయితే ముట్టుకోవాలి. అది గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో శుద్ధి చేసిన, పల్చటి తెల్లని పొర. చూడ్డానికి తడి కాగితంలా ఉంటుంది. అయినా ఎవరి నమ్మకం వాళ్లది, దాన్ని ఎవరూ తక్కువ చెయ్యకూడదు. స్టెంట్ గ్రాఫ్టులు, గుడ్డ ఉంగరాలు కుట్టే విభాగంలో జంతు కణజాలం ఉండదు. ఇంటర్వ్యూలోనే ఆ విభాగం కావాలని చెప్పండి. దాచిపెట్టి చేరి తర్వాత బాధపడటం ఎవరికీ మంచిది కాదు.

కుట్టు తప్పు పడితే విప్పి మళ్లీ వెయ్యొచ్చా?

గుడ్డ మీదయితే కొన్ని చోట్ల, రాతపూర్వకంగా అనుమతి ఉన్నంత మేరకు వెయ్యొచ్చు. పొర మీదయితే సూది చేసిన రంధ్రం పూడదు. గుండె కొట్టుకునే ప్రతిసారీ ఆ రంధ్రం అంచు లాగుతూనే ఉంటుంది, చిరుగు అక్కడే మొదలవుతుంది. అందుకే తప్పు పడితే ఆపి, సూపర్‌వైజర్‌ని పిలిచి, బ్యాచ్ రికార్డులో రాయాలి. నా మొదటి ఏడాది నేను ఒక రంధ్రాన్ని పక్క కుట్టుతో కప్పేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు వెళ్లి చెప్పాను, ఆ వాల్వుని పక్కన పెట్టేశారు. తిట్టకుండా ‘ఇలాగే చెప్పు’ అన్న ఆ సూపర్‌వైజరమ్మ వల్లే నేను ఈ పనిలో నిలిచాను.

## మిషన్‌కి అప్పగించే దశ

మొదట దేన్ని ఆటోమేట్ చెయ్యాలి? రోబో కొనెయ్యమంటారా?

రోబో కొనకండి. కనీసం మొదటి ఏడాది వద్దు. నేను పనిచేసిన ఒక చోట ముందు రోబో చెయ్యి కొని, తర్వాత దానికి పని వెతికారు. ఎనిమిది నెలల తర్వాత కూడా అది ఒక్క వరస సరిగ్గా కుట్టలేదు. అప్పుడు మేము వీడియోలు ముందేసుకుని, చేతి కుట్టు వేసే అమ్మాయి సమయం ఎక్కడ పోతోందో సెకన్లతో సహా రాసుకున్నాం. సూది గుచ్చడానికి పోయే సమయం కొంచెమే. వాల్వుని తిప్పి సరైన కోణంలో పట్టుకోవడం, దారం చిక్కు తీయడం, తర్వాతి రంధ్రం ఎక్కడో వెతకడం, వీటికే రోజు గడిచిపోతోంది.

కాబట్టి ముందు పట్టుకునే పనిని మిషన్‌కి ఇవ్వండి. కాలి పెడల్ నొక్కితే వాల్వు తర్వాతి కుట్టు కోణానికి తిరిగి ఆగే ఫిక్చర్ చేయించండి. రెండు చేతులూ ఖాళీ అవుతాయి, ఒక చెయ్యి వాల్వుని పట్టుకుని తిమ్మిరెక్కే బాధ పోతుంది. తర్వాత చూసే పని: రంధ్రం ఎక్కడో వెలుగు చుక్కతో చూపించే కెమెరా. ఆపైన గుడ్డలో రంధ్రాలు ముందే లేజర్‌తో వేసుకోవడం. పాలిస్టర్ అంచు ఆ వేడికి కరిగి మూసుకుంటుంది కాబట్టి పోగులు రాలవు. ఈ మూడూ కుదిరాక మిగిలే పని చూసి, అప్పుడు రోబో మాట ఎత్తండి.

రోబో 0.02 మిల్లీమీటర్ల దాకా కరెక్టు అని బ్రోచర్‌లో ఉంది. ఇంకేం కావాలి?

ఆ అంకె చెప్పేది ఒకటే: రోబో వెళ్లిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్లగలదని. కాంప్లెక్స్‌లో బస్సు రోజూ అదే ప్లాట్‌ఫారం మీద ఆగుతుంది. ప్రయాణికుడు వేరే ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఎక్కడం జరగదు. గుడ్డ ప్రతిసారీ అక్కడే ఉండదు. ముందు కుట్టు లాగినప్పుడు అది కాస్త జరుగుతుంది, పొర కాస్త ఎండితే ముడుచుకుంటుంది, ఫ్రేమ్ పుల్లలు ఒకదానికొకటి అచ్చంగా సమానంగా ఉండవు. ప్రతి కుట్టుకీ ముందు మళ్లీ చూసి, మళ్లీ కొలిచి, అప్పుడు సూది దించాలి. డబ్బు పోయాల్సింది ఆ చూపు మీద.

చేతి నేర్పుని అంకెల్లోకి ఎలా మార్చాలి? మా ఆపరేటర్‌ని అడిగితే ‘తెలిసిపోతాది’ అంటోంది.

ఆమె నిజమే చెబుతోంది. తెలిసిపోయేది నోటికి రాదు. కాబట్టి అడగడం ఆపి కొలవండి. దారం కొసని చిన్న లోడ్ సెల్ (లాగుడు బలాన్ని కొలిచే సెన్సర్) మీదుగా పోనిచ్చి, ఆమె ఒక వాల్వంతా కుట్టేవరకూ బిగువు రాసుకోండి. ఒక్క వాల్వుతో ఆపకండి. సోమవారం పొద్దున్నా, శనివారం సాయంత్రం కూడా తియ్యండి. బాగా కుట్టేవాళ్లు ముగ్గురు, కొత్తవాళ్లు ఇద్దరు కుట్టినవి పక్కపక్కన పెట్టండి.

మేము అలా చేసినప్పుడు నేను అనుకోనిది ఒకటి కనపడింది. మంచి ఆపరేటర్లందరూ దారాన్ని రెండుసార్లు లాగుతున్నారు. మొదటిసారి గట్టిగా లాగి గుడ్డని ఫ్రేమ్‌కి ఆనిస్తారు. ఒక్క క్షణం వదులుతారు. రెండోసారి మెల్లగా లాగి నిలిపి ముడి వేస్తారు. ఆ మధ్య వదలడం ఎవరూ నేర్పలేదు, ఏ పని సూచనల కాగితంలోనూ లేదు. మా మిషన్ ఒకే లాగుడుతో కుట్టేది, అందుకే గుడ్డ ముడతలు పడేది. ఆ వదులు పెట్టాక ముడతలు తగ్గాయి.

ఇంకా కొలవాల్సినవి: సూది దిగే కోణం, పొర అంచు నుంచి దూరం, కుట్టుకీ కుట్టుకీ ఎడం, ఒక దారం ఎన్ని కుట్ల తర్వాత మారుస్తున్నారు. వాళ్లు ఎక్కడ ఆగి రెండోసారి చూస్తున్నారో కూడా రాసుకోండి. ఆగిన చోటల్లా ఒక ప్రమాదం ఉంటుంది, వాళ్లకి అది తెలుసు. ఈ కొలతలు తీసేటప్పుడు ఆపరేటర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని గ్రాఫు చూపించండి. ఆమె పేరు రిపోర్టులో రాయండి. మిషన్‌కి పని నేర్పిన గురువు ఆమే.

కెమెరాకి పొర తెల్లగా మెరిసిపోయి కుట్టు కనపడట్లేదు. ఏం చెయ్యాలి?

తడి మెరుపు అది. దీపం ముందు ఒక పోలరైజర్ (వెలుతురుని ఒకే దిశలో పోనిచ్చే అద్దం), కెమెరా ముందు దానికి అడ్డంగా ఇంకో పోలరైజర్ పెడితే మెరుపు చాలా వరకు పోతుంది. పొర ఎండకుండా సెలైన్ చిలకరిస్తూ ఉండాలి కదా, చిలకరించిన వెంటనే తీసిన ఫొటోని నమ్మకండి, నీటి బొట్టు భూతద్దంలా పనిచేసి రంధ్రాన్ని పక్కకి జరిపి చూపిస్తుంది. తెల్ల పొర మీద తెల్ల దారమైతే పై వెలుతురు కన్నా పక్క నుంచి ఏటవాలుగా వేసే వెలుతురే మేలు, దారం నీడ తేలుతుంది.

ముడి కూడా మిషనే వెయ్యగలదా?

వెయ్యగలదు గానీ ముడి వెయ్యడం కన్నా ముడి సరైన చోట కూర్చోబెట్టడం కష్టం. రెండు పట్టుకోళ్లు (సూదిని పట్టే మిషన్ వేళ్లు) వంకర సూదిని ఒకదాని నుంచి ఇంకొకటి అందుకుంటూ ఉచ్చు తిప్పగలవు. ఉచ్చు కిందికి జారేటప్పుడు రెండు కొసలూ సమానంగా లాగకపోతే అది జారుముడి అయిపోతుంది, పైకి మంచి ముడిలానే కనిపిస్తుంది. దారాన్ని బట్టి కూడా మారుతుంది: అల్లిన పాలిస్టర్ బాగా పట్టుకుంటుంది, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్) నున్నటిది, దానికి ఎక్కువ మెలికలు కావాలి. ముడులు చేతికి వదిలి, మధ్య కుట్లు మిషన్‌కి ఇచ్చే ఏర్పాటు సిగ్గుపడాల్సిందేం కాదు. చాలా కాలం అదే సరైన దారి అని నా అభిప్రాయం.

అసలు కుట్టు మానేసి అంటించెయ్యొచ్చు కదా?

కొన్నిట్లో అలాగే చేస్తున్నారు. నిటినాల్ తీగని కుట్టు లేకుండా ఈపీటీఎఫ్‌ఈ (సాగదీసిన పీటీఎఫ్‌ఈ) గొట్టానికి పలచని పట్టీతో అతికించిన స్టెంట్ గ్రాఫ్టులు ఎన్నో ఏళ్లుగా వాడకంలో ఉన్నాయి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ మీద పాలిస్టర్ దారంతోనే ఇంప్లాంటుని అల్లేసే పద్ధతి కూడా ఉంది. కానీ వాల్వు రేకులు రోజుకి లక్షసార్లు తెరుచుకుని మూసుకోవాలి. శుద్ధి చేసిన తడి పొరని లోహానికి అంతకాలం అంటించి ఉంచే జిగురు మీద నాకు నమ్మకం లేదు. దారం వంగుతుంది, సర్దుకుంటుంది, బరువుని పంచుకుంటుంది.

మధ్యలో కరెంటు పోతే?

మన వైపు ఇది తేలిగ్గా తీసుకునే ప్రశ్న కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. యూపీఎస్, జనరేటర్ ఉండాల్సిందే, అది సగం జవాబు. మిగతా సగం: కరెంటు పోయిన క్షణంలో పట్టుకోళ్లు సూదిని వదిలెయ్యకూడదు, అంటే కరెంటు లేనప్పుడు స్ప్రింగుతో మూసుకునే రకం పెట్టాలి. తిరిగి వచ్చాక మిషన్ తనంతట తాను కుట్టు కొనసాగించకూడదు. మనిషి వచ్చి చూసి, బిగువు సరిచూసి, ఆ కుట్టు నంబరు దగ్గర సంతకం పెట్టాకే కదలాలి.

## రుజువులు, లైసెన్సు

మా మిషన్ 99.9 శాతం కుట్లు కరెక్టుగా వేస్తోంది. చాలదా?

చాలదు. కాగితం మీద లెక్క వేసి చూడండి. ఒక వాల్వులో 1000 కుట్లు అనుకుందాం. వెయ్యికి ఒకటి తప్పితే, ఒక్క తప్పూ లేని వాల్వులు నూటికి దాదాపు 37 మాత్రమే వస్తాయి. పదివేలకి ఒకటి తప్పితే దాదాపు 90. లక్షకి ఒకటి తప్పితే 99. ఈ లెక్క మొదటిసారి బోర్డు మీద వేసినప్పుడు మా గదిలో అందరూ నిశ్శబ్దం అయిపోయారు. చేతి కుట్టు కూడా లక్షకి ఒకటి కన్నా ఎక్కువే తప్పుతుంది, కానీ చెయ్యి తన తప్పుని అక్కడికక్కడే చూసుకుంటుంది. మిషన్‌కి కూడా ప్రతి కుట్టు తర్వాతా చూసుకునే అలవాటు నేర్పాలి. తప్పు పడటం కన్నా తప్పు పడిందని తెలియకపోవడం పెద్ద ప్రమాదం.

ప్రతి కుట్టూ కెమెరా చూస్తోంది. మళ్లీ వాలిడేషన్ (తయారీ పద్ధతిని రుజువు చేసుకోవడం) ఎందుకు? ఎన్ని శాంపిళ్లు కావాలి?

కెమెరాకి కుట్టు చోటు కనిపిస్తుంది, కుట్టు బలం కనిపించదు. బలం తెలియాలంటే లాగి తెంపాలి. తెంపింది అమ్మలేం. తయారైన ప్రతి వస్తువునీ ఇలా పూర్తిగా సరిచూడలేనప్పుడు తయారీ పద్ధతినే రుజువు చేసుకోవాలని వైద్య పరికరాల నాణ్యతకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 13485 అడుగుతుంది. మిషన్ సరిగ్గా బిగించారా, దాని హద్దుల దగ్గర కూడా పనిచేస్తోందా, రోజువారీ పరిస్థితుల్లో నిలకడగా ఉందా అని మూడు మెట్లలో చూపిస్తారు.

శాంపిళ్ల సంఖ్య ప్రమాదాన్ని బట్టి ఉంటుంది. ఒక్కటి కూడా ఫెయిల్ కాకుండా, 95 శాతం నమ్మకంతో ‘నూటికి 95 బాగుంటాయి’ అనడానికి 59 కావాలి. ‘నూటికి 99’ అనడానికి 299 కావాలి. 30 తెంపి చూసి సంతోషపడకండి, 29తో చెప్పగలిగేది నూటికి 90 మాత్రమే. శాంపిళ్లన్నీ ఒకే రోజు, ఒకే దారం రీలుతో తీస్తే ఆ అంకెకి విలువ ఉండదు.

లైసెన్సు ఎవరిస్తారు? చేతి నుంచి మిషన్‌కి మారితే మళ్లీ అడగాలా?

మన దేశంలో వైద్య పరికరాల నియమాలు 2017లో వచ్చాయి, 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. ప్రమాదాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు. గుండె వాల్వు డీ తరగతి. సీ, డీ తరగతుల తయారీ లైసెన్సు మందుల, వైద్య పరికరాల నియంత్రణ చూసే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ ఇస్తుంది. ఇచ్చే లైసెన్సు ఫారం ఎండీ-9. నాణ్యతని దెబ్బతీయగల తయారీ పద్ధతి మార్పు పెద్ద మార్పు కిందికి వస్తుంది, ముందస్తు అనుమతి కావాలి. ‘కుట్టు అదే కదా, వేసేది మారింది అంతే’ అని మీకు మీరే తేల్చుకోకండి. పాత చేతి కుట్టు వాల్వులనీ కొత్తవాటినీ పక్కపక్కన పరీక్షించిన రికార్డు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

వాల్వు ఎన్నేళ్లు ఆగుతాదో ఫ్యాక్టరీలోనే ఎలా తెలుస్తాది?

నిమిషానికి 72 చొప్పున గుండె ఏడాదికి దాదాపు 3.8 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. వాల్వుని ద్రవంలో పెట్టి అంతకన్నా ఎంతో వేగంగా తెరిచి మూసే పరీక్ష యంత్రం ఉంటుంది. టిష్యూ వాల్వులకి 20 కోట్ల సార్లు, లోహపు వాల్వులకి 40 కోట్ల సార్లు. అంటే సుమారు ఐదేళ్లు, పదేళ్ల జీవితం. ఇది కొన్ని నెలలు సాగుతుంది. ఆటోమేషన్ ప్రణాళిక వేసుకునేవాళ్లు ఈ నెలల్ని లెక్కలో వేసుకోవడం మర్చిపోతుంటారు.

## ఉద్యోగం, ఊరు

మిషన్ వస్తే మా పని పోతాదా మేడమ్?

దీనికి తేలిక జవాబు చెప్పి మిమ్మల్ని పంపలేను. చదునైన కుట్లు, గుడ్డ కత్తిరింపు, రంధ్రాలు వెయ్యడం, ఇవి మిషన్‌కి వెళ్తాయి. ఆ పని ఒక్కటే నేర్చుకున్నవాళ్లకి ఇబ్బంది వస్తుంది. పొరని ఫ్రేమ్‌కి కుట్టేవాళ్లు, ముడులు వేసేవాళ్లు, మిషన్ కుట్టిన దాన్ని చూసి ‘ఇది ఆగదు’ అని చెప్పగలిగేవాళ్లు కావాలి, ఇంకా చాలా ఏళ్లు కావాలి. కాబట్టి బల్ల దగ్గర ఉండగానే ఇన్‌స్పెక్షన్ నేర్చుకోండి, రికార్డు చదవడం, గ్రాఫు చూడటం నేర్చుకోండి. యజమానులకి కూడా ఒక మాట: చేతి నైపుణ్యం కొలిచి మిషన్‌లో పెట్టుకుని, ఆ చేతుల్ని ఇంటికి పంపడం అన్యాయం. అలా జరిగిన చోట నేను ఉద్యోగం మానేశాను.

శ్రీకాకుళం, విజయనగరంలో ఇలాంటి యూనిట్ పెట్టగలమా?

మొదటి రోజే గుండె వాల్వు పెట్టలేం. క్లీన్ రూమ్, స్టెరిలైజేషన్, పరీక్షలు, అన్నీ ఖరీదైనవి. కానీ పక్కనే విశాఖలో 2018లో మొదలైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఉంది, పరీక్షా సదుపాయాలు ఒకే ఆవరణలో ఉన్నాయి. మన వైపు నుంచి మొదలుపెట్టదగినవి ఫిక్చర్లు, శిక్షణ కోసం నకిలీ వాల్వులు, చేతి కుట్టు శిక్షణ. బొబ్బిలి పారిశ్రామిక వాడలో చిన్న మెషీనింగ్ పనులు చేసేవాళ్లకి ఫిక్చర్ చెయ్యడం కొత్త విద్యేం కాదు, కొలతల క్రమశిక్షణ పెరగాలి అంతే. శిక్షణ మన దగ్గర, తయారీ అక్కడ అన్న పద్ధతి ముందు కుదిరితే చాలు.

మేము బీటెక్ చివరి ఏడాది. ప్రాజెక్టుకి ఇందులో ఏం చెయ్యొచ్చు? బడ్జెట్ లేదు.

25 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ముక్క తీసుకోండి, దానికి చుట్టూ సమానంగా రంధ్రాలు వెయ్యండి, అదే మీ ఫ్రేమ్. పాలిస్టర్ రిబ్బన్ దాని చుట్టూ చుట్టండి. స్టెప్పర్ మోటారుతో అది ఒక్కో రంధ్రానికి తిరిగి ఆగేలా, కాలి పెడల్‌తో నడిచేలా కట్టండి. దారం దారిలో చవక లోడ్ సెల్ ఒకటి పెట్టండి. ఫోన్ కెమెరాని మైక్రోస్కోప్‌లా స్టాండుకి బిగించండి. తర్వాత మీ వీధిలో బాగా కుట్టే ఒక అక్కని పిలిచి, ఆమె సమయానికి తగిన డబ్బు ఇచ్చి, ఫిక్చర్ లేకుండా 50 కుట్లు, ఫిక్చర్‌తో 50 కుట్లు కుట్టించండి. రెంటి సమయం, బిగువు, ఎడం తేడాలు రాయండి. రోబో లేదని బాధపడకండి. నేను ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు తిరిగే బొమ్మ వీడియో కన్నా ఆ నూరు కుట్ల పట్టికే ముందు అడిగి చూస్తాను. రిబ్బన్ మాత్రం ఒకే రోల్ లోది వాడండి, లేకపోతే తేడా చేతిదో రిబ్బన్‌దో తేలదు.